తెల్లకాగితం మీద భూమి

2023 అక్టోబరు నెలాఖరున ఒక పని మీద చర్ల వెళ్లాను. భద్రాచలంలో ఎక్కిన బస్సు దుమ్ముగూడెం మీదుగా చర్ల చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. బస్టాండు ఎదుట టీకొట్లో టీవీ నడుస్తోంది. తెర మీద గాజా. కూలిన మేడలు, దుమ్ము, పిల్లల్ని ఎత్తుకుని పరుగెడుతున్న జనం. అంతకు మూడు వారాల కిందట, అక్టోబరు 7న, హమాస్ దాడిలో ఇజ్రాయెల్‌లో సుమారు 1,200 మంది చనిపోయారు. 250 మంది దాకా బందీలయ్యారు. ఆ వెంటనే మొదలైన యుద్ధంలో గాజాలో మృతుల సంఖ్య 2025 నాటికి అక్కడి ఆరోగ్యశాఖ లెక్క ప్రకారం 60,000 దాటింది. ఆ లెక్క ఆ రోజుకి ఇంకా మొదట్లోనే ఉంది.

"ఇది ఈనాటి తగాదానా మామా, బైబిలు కాలం నాటిది. ఇశ్రాయేలుకీ ఫిలిష్తీయులకీ అప్పటినుంచీ పడదు" అన్నాడు బల్ల చివర కూర్చున్న నడివయసాయన.

"ఆళ్లు ఊరికే రాలేదంట అల్లుడూ. డబ్బు పెట్టి కొనుక్కున్నరంట. కొన్న భూమిని కాదంటే ఎట్లా?" అన్నాడు పెద్దాయన.

టీ పోస్తున్న కుర్రవాడు కూడా ఊరుకోలేదు. "అసలక్కడ ఏముంది సారూ, అంతా ఇసకేనంట. ఈళ్లొచ్చినంకనే పంటలు పండినయంట."

కాసేపటికి గాజా వెనకబడి, గుట్టల కింద గుడిసెలు వేసుకున్న గుత్తికోయల మీదికి మాట మళ్లింది. అక్కడినుంచి 1/70 మీదికి. ఆశ్చర్యమేమిటంటే, పాలస్తీనా గురించి విన్న మూడు మాటలే మళ్లీ వినపడ్డాయి. అడవివాళ్లకీ మైదానం వాళ్లకీ అనాదిగా పడదు. కొన్న భూమి కొన్నవాడిదే. మేం రాకముందు ఇదంతా తుప్పలే. నేను మధ్యలో కల్పించుకోలేదు. ఎందుకంటే ఈ మూడు మాటలూ నేను మా ఇంట్లో, మా తాతగారి నోట విని పెరిగాను.

ఆయన కృష్ణా డెల్టా నుంచి ఈ ప్రాంతానికి వచ్చిన రైతు. 1964లో ఒక కోయ రైతు దగ్గర నాలుగెకరాలు కొన్నారు. రిజిస్ట్రేషను లేదు. ఒక తెల్లకాగితం, రెండు సాక్షి సంతకాలు, ఒక వేలిముద్ర. ఆ కాగితం ఇప్పుడు నా దగ్గర ఉంది. ఈ వ్యాసానికి అసలు కారణం టీవీ కాదు, అదే.

మొదట ఆ "అనాది" సంగతి చూద్దాం. మన భాషలో ఒక చిత్రమైన సౌకర్యం ఉంది. బైబిల్లోది ఇశ్రాయేలు, పత్రికల్లోది ఇజ్రాయెల్. రెండు మాటలు ఉన్నాయి గనక రెండింటినీ వేరుగా తలుచుకునే వీలు మనకు ఉంది. కానీ టీకొట్లో పెద్దమనిషి రెండింటినీ ఒకటి చేసేశాడు. చాలామంది చేసే పనే. ఫిలిష్తీయులు క్రీస్తుకు కొన్ని శతాబ్దాల ముందే ప్రత్యేక జాతిగా చరిత్రలోంచి తప్పుకున్నారు. మిగిలింది పేరు. క్రీ.శ. 135లో యూదుల తిరుగుబాటును అణచిన తరువాత రోమనులు యూదయ రాష్ట్రానికి సిరియా పాలస్తీనా అని పేరు పెట్టారు. నేటి పాలస్తీనియులకూ గొల్యాతుకూ మధ్య ఉన్న చుట్టరికం ఆ పేరు వరకే.

1517 నుంచి 1917 దాకా నాలుగు వందల ఏళ్లు ఆ నేల తుర్కు సుల్తానుల ఏలుబడిలో ఉంది. ముస్లిములు, క్రైస్తవులు, యూదులు ఉన్నారు. అది స్వర్గమేమీ కాదు, హెచ్చుతగ్గులు ఉన్నాయి. కాని ఒకే నేల మీద రెండు జాతుల రాజ్యాలు అన్న ప్రశ్న అప్పుడు లేదు. ఆ ప్రశ్న వయసు నూట నలభై ఏళ్లకు మించదు. రష్యాలో యూదుల మీద జరిగిన ఊచకోతల నుంచి పారిపోయి 1882 ప్రాంతాల్లో తొలి వలసలు వచ్చాయి. 1897లో బాసెల్‌లో తొలి జియోనిస్టు మహాసభ. 1917 నవంబరు 2న బాల్ఫర్ ప్రకటన. అప్పుడు అక్కడ యుద్ధం చేస్తున్న బ్రిటిషు సేనలో మన నిజాము గారి హైదరాబాదు లాన్సర్లు, అంటే గుర్రపు దళం వారు కూడా ఉన్నారు. 1918లో పాలస్తీనాలో తుర్కుల ఏలుబడి పూర్తిగా ముగిసేదాకా అక్కడే పోరాడారు. మన కథకీ ఆ కథకీ అదొక సన్నని దారం.

ఇక మన "అనాది". చర్లలో పుట్టి, ఊరు కదలకుండా బతికిన కుటుంబం ఒకటి ఉందనుకోండి. ఆ ఇంటి మీద ఎగిరిన జెండాలు లెక్కపెట్టండి. 1860 దాకా నిజాముది. ఆ ఏడు నిజాము రాయచూరు, ధారాశివ జిల్లాలు తిరిగి పుచ్చుకుని గోదావరి ఎడమగట్టు తాలూకాలను బ్రిటిషు వారికి వదులుకున్నాడు. వాళ్లు దాన్ని మధ్యపరగణాల్లో ఎగువ గోదావరి జిల్లా అన్నారు. 1874లో ఆ జిల్లాను రద్దు చేసినప్పుడు భద్రాచలం, రేకపల్లి మద్రాసు రాష్ట్రానికి పోయాయి. నూగూరు, ఆల్బాక, చర్ల మాత్రం చాందా జిల్లాలో, నాగపూరు వైపు మిగిలాయి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దంలో అవి కూడా మద్రాసుకు చేరాయి. తరువాత తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర, 1956లో ఆంధ్రప్రదేశ్, 1959లో ఖమ్మం జిల్లా, 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. 2014లోనే పోలవరం కోసం చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం వంటి మండలాలను ఆంధ్రప్రదేశ్‌కు ఇచ్చేశారు. గీత గీసినవాళ్లలో ఒక్కరూ ఇక్కడి కోయవాడిని అడిగి గీయలేదు.

ఈ జాబితాలో మనకు కావలసిన సంవత్సరం మరొకటి ఉంది. 1917. బాల్ఫర్ ప్రకటన వెలువడిన ఆ ఏడే మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం చేసింది. ఈ రెండూ ఒకే ఏడు రావడం యాదృచ్ఛికమే. కాని పోల్చి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. నూటికి ఇరవై నాలుగుకు మించి వడ్డీ పుచ్చుకోరాదనీ, కొండజాతి మనిషి భూమి ఏజెంటు అనుమతి లేకుండా ఇతరులకు పోరాదనీ ఆ చట్టం చెప్పింది. అంటే అప్పటికే భూమి అప్పుల కింద జారిపోతోందన్నమాట. గొడవ అనాది కాదు. షావుకారు చిట్టా అడవిలోకి వచ్చిన నాటిది, భూమిని కాగితంగా మార్చి చేతులు మార్చే వీలు కలిగిన నాటిది.

ఇక ఖాళీ భూమి మాట. మా తాతగారు కచ్చితంగా చెప్పేవారు, "నేను వచ్చేనాటికి అక్కడ మోడులూ తుప్పలూ తప్ప ఏమీ లేవురా" అని. ఆయన అబద్ధమాడే మనిషి కాదు. ఆయన చూసింది నిజమే. చూసినదాన్ని చదవడం ఆయనకు తెలియలేదు. పోడు వ్యవసాయంలో చెట్లు కొట్టి, కాల్చి, రెండు మూడేళ్లు జొన్నో సామో కొర్రో పండించి, ఆ చెలకను కొన్నేళ్లు వదిలేస్తారు. అడవి మళ్లీ అల్లుకుంటుంది. తరువాత మళ్లీ అక్కడికే వస్తారు. వదిలేసిన ఏళ్లలో చూసినవాడికి అది ఎవరిదీ కాదు. కోయవాడికి ఆ చెలక ఎవరి తాతదో తెలుసు, దాని గట్టు మీది ఇప్పచెట్టు పువ్వు ఎవరు ఏరుకోవాలో తెలుసు. డెల్టాలో అంగుళం కూడా వదలకుండా దమ్ముచేసే రైతు కంటికి ఖాళీ అంటే ఖాళీయే.

తుర్కుల 1858 నాటి భూమి చట్టంలో దీనికి ఒక ముచ్చటైన కొలత ఉంది. మావాత్ అంటే మృతభూమి. ఊరి చివర నిలబడి గట్టిగా కేకవేస్తే వినపడనంత దూరంలో ఉన్న, ఎవరి పేరనా లేని భూమి మావాత్. పశువులు మేపుకునే సంచార తెగకు కేక వినపడే దూరమంటూ ఒకటి ఉంటుందా? దక్షిణాన నెగెవ్ ఎడారిలో అలాంటి తెగలు ఉన్నాయి. ఆ నేలను ఏలినవారికి అది మృతభూమి, వాళ్లకు మేతబీడు. అలాగని పాలస్తీనా అంతా ఇసుక అనుకోవడం ఇంకా పెద్ద పొరపాటు. యాఫా నారింజలు యూరపు అంగళ్లకు ఎగుమతి కావడం వలసలకు ముందే మొదలైంది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్న: కొన్నారు కదా? నాకు అన్నిటికంటే కష్టమైన ప్రశ్న ఇదే.

కొన్నారు. అది నిజం. పాలస్తీనా రైతు ఒక్కడూ గజం అమ్మలేదు అనేది కూడా అపోహే. కాని ఎవరు అమ్మారు, ఎవరు ఖాళీ చేశారు అన్నది వేరుగా చూడాలి. 1858 చట్టం భూములు పేర్లతో నమోదు చేసుకోమన్నప్పుడు పల్లెటూరి రైతు భయపడ్డాడు. పేరు రాస్తే పన్ను పడుతుంది, కొడుకును సైన్యంలోకి పట్టుకుపోతారు. దాంతో చాలాచోట్ల భూమి పట్నంలో ఉండే పెద్దమనుషుల పేరిట నమోదైంది. బేరూతులోని సుర్సుక్ కుటుంబం అలాంటి భూస్వాములు. మర్జ్ ఇబ్న్ ఆమిర్ లోయలో విశాలమైన భూములు వాళ్లవి. 1920లలో వాళ్లు వాటిని యూదుల భూసేకరణ సంస్థలకు అమ్మారు. అమ్మినవాడు సంతోషంగా అమ్మాడు, కొన్నవాడు న్యాయంగా సొమ్ము ఇచ్చాడు. దున్నుతున్నవాడు మాత్రం మూటాముల్లె సర్దుకున్నాడు. కాగితంలో అతని పేరు ఎక్కడా లేదు.

ఇంకో లెక్క కూడా చూడాలి. ఇన్ని కొనుగోళ్ల తరువాత 1947 నాటికి యూదుల చేతిలో ఉన్నది పాలస్తీనా మొత్తం విస్తీర్ణంలో నూటికి ఆరేడు వంతులు. 1947 నవంబరు 29న ఐక్యరాజ్యసమితి విభజన తీర్మానం యూదు రాజ్యానికి కేటాయించింది సుమారు 55 వంతులు. (భారతదేశం ఆ తీర్మానానికి వ్యతిరేకంగా ఓటు వేసింది.) అరబ్బులు తిరస్కరించారు. 1948 యుద్ధంలో ఏడు లక్షలకు పైగా పాలస్తీనియులు ఇళ్లు వదిలి పోయారు; కొందరిని తరిమారు, కొందరు భయంతో పారిపోయారు. 1950లో ఇజ్రాయెల్ గైర్హాజరీదారుల ఆస్తి చట్టం చేసింది. వెళ్లిపోయినవారి భూమి సర్కారు అధీనంలోకి వెళ్లింది. దేశంలోనే ఉన్నా ఆనాడు తమ ఊళ్లో లేనివాళ్లకు కూడా ఇది వర్తించింది. వాళ్లకు "హాజరైన గైర్హాజరీదారులు" అని పేరు. ఏ భాషలోనైనా రెవెన్యూ వాళ్ల నుడికారం ఒక్కలాగే ఉంటుందేమో! ఏమైనా, భూమి చేతులు మారడాన్ని కొనుగోలు ఒక్కటే వివరించదు.

మన వైపు కాగితాలు ఇంకో దారి పట్టాయి. భూబదలాయింపు నిబంధన 1/1959 నాటికి చర్ల ఇంకా తూర్పు గోదావరిలోనే ఉంది గనక ఆ ఏడాది నుంచే ఇక్కడ అమల్లోకి వచ్చింది. గోదావరి దాటి మణుగూరు వైపు 1963లో గాని రాలేదు. కాబట్టి మా తాతగారు కొన్న 1964 నాటికి నదికి రెండు గట్ల మీదా గిరిజనుడి భూమి అనుమతి లేకుండా ఇతరుడు కొనడం చెల్లదు. ఆయనకు ఆ సంగతి తెలుసా? తెలియదనేవారు. తెలియకపోతే రిజిస్ట్రేషను ఎందుకు చేయించలేదు అని నేను ఎన్నడూ అడగలేదు. 1970లో సవరణ వచ్చింది. జనం నోట 1/70 అంటే ఇదే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే భావించాలి, కాదని నిరూపించుకునే భారం అతనిదే. గిరిజనేతరులు తమలో తాము కూడా అమ్ముకోరాదు. 1988లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది.

1/70 మీద రెండు వైపులా అపోహలే. గిరిజనేతరులందరినీ వెళ్లగొట్టే చట్టమని ఒక వైపు. కాదు; చట్టబద్ధంగా ముందే సంపాదించుకున్నవాడి హక్కు పోలేదు, కొత్త బదలాయింపులు ఆగాయి. ఆ చట్టంతో భూములన్నీ తిరిగి వచ్చేశాయని ఇంకో వైపు. అదీ కాదు. భూమి గిరిజనుడి పేర ఉంటుంది, పంట ఇంకొకరి ఇంటికి పోతుంది. పాలేరు పేర పట్టా పెట్టినవాళ్లు ఉన్నారు. గిరిజన స్త్రీని పెళ్లాడి ఆమె పేర భూమి కూడబెట్టినవాళ్లు ఉన్నారు. గోదావరి లంకల్లో పొగాకు, మిర్చి కౌళ్లు చూస్తే తెలుస్తుంది. బేరూతు భూస్వామి పేర రాయించుకున్న రైతూ, పాలేరు పేర రాయించిన ఆసామీ ఒకరికొకరు తలకిందులుగా కనిపిస్తారు. రెండుచోట్లా కాగితం ఒకటి చెబుతుంది, నాగలి ఒకటి చెబుతుంది.

మా తాతగారి మీద 1980లలో కేసు నడిచింది. ఓడిపోయారు. భూమి అమ్మినవారి కొడుకులకు దక్కింది. ఆయన దృష్టిలో అది అన్యాయం. ఇరవై ఏళ్లు చెమటోడ్చి మోడులు పెకలించిన నేల. ఆ తరువాత పదిహేనేళ్లు బతికి, పోయేదాకా తనను తాను నిర్వాసితుడిగానే చెప్పుకున్నారు. అవతలి ఇల్లు కూడా అంతకు ముందు ఇరవై ఏళ్లు అదే మాట చెప్పుకుని ఉంటుంది. మేము వాళ్లను ఎన్నడూ అడగలేదు.

రెండు పక్షాలే ఉన్నాయనుకోవడం మరో అపోహ. పాలస్తీనియుల్లో క్రైస్తవులున్నారు. ఇజ్రాయెల్ పౌరుల్లో ఐదో వంతు అరబ్బులు. యూదుల్లో సగం దాకా యూరపు నుంచి కాక బాగ్దాదు, యెమెన్, మొరాకోల నుంచి వచ్చినవారి సంతతి. 1948 తరువాతి దశాబ్దాల్లో అరబ్బు దేశాల నుంచి ఎనిమిది లక్షలకు పైగా యూదులు వెళ్లిపోయారు, వాళ్లూ ఆస్తులు పోగొట్టుకున్నవారే. ఇక్కడ కూడా గిరిజనుడంటే ఒక్కడు కాదు. కోయలు, కొండరెడ్లు, నాయకపోళ్లు. 1976 చట్టంతో తెలంగాణలో జాబితాకెక్కిన లంబాడాలు. 2017లో ఆదివాసులకూ లంబాడాలకూ ఎంత దూరం పెరిగిందో చూశాం. గిరిజనేతరుడంటే మా తాతలాంటి ఆసామీ ఒక్కడే కాదు, తరతరాలుగా ఇక్కడే కూలిచేసుకు బతికిన దళితుడు కూడా. 1/70 ముందు ఇద్దరిదీ ఒకే గడి. (కోయదొర అనగానే నెమలీకలు పెట్టుకుని సోది చెప్పే మనిషి గుర్తుకొస్తే ఆ తప్పు మన సినిమాలది. భద్రాచలం కోయవాడు దున్నుకుంటాడు, సోది చెప్పడు.)

చివరికి గుత్తికోయలు. టీకొట్లో "నిన్నగాక మొన్న వచ్చినోళ్లు" అన్నది వీళ్లనే. ఆ పేరు మనం పెట్టినది. వాళ్లు తమను కోయితోర్ అనే చెప్పుకుంటారు. చర్లకు ఉత్తరాన కొద్ది మైళ్లలో ఛత్తీస్‌గఢ్ సరిహద్దు. తాలిపేరు వాగు అటునుంచే దిగివచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ వాగులాగే మనుషులూ వస్తూ పోతూ ఉండేవారు. పెళ్లి సంబంధాలు అటూ ఇటూ ఉన్నాయి. 2005 జూన్‌లో అటు సల్వాజుడుం మొదలైంది. మావోయిస్టులకూ, ప్రభుత్వం ఆయుధాలిచ్చిన మనుషులకూ మధ్య ఊళ్లు కాలిపోయాయి. వేల కుటుంబాలు ఇటు పరుగెత్తాయి. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ఆ పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని చెప్పేనాటికి ఇటు వచ్చినవాళ్ల పిల్లలు తెలుగులో ఆడుకుంటున్నారు.

అటవీహక్కుల చట్టంలో గడువు తేదీ 2005 డిసెంబరు 13. ఆనాటికి సాగులో ఉన్నవాడికే పట్టా. జూన్‌లో ఇల్లు కాలినవాడు డిసెంబరులోగా పారిపోయి, అడవి కొట్టి, దున్ని ఉండాలి. పైగా షెడ్యూల్డు తెగ హోదా రాష్ట్రాన్ని బట్టి ఉంటుంది, సరిహద్దు దాటినవాడి వెంట రాదు. అందువల్ల ఒకే భాష, ఒకే గోత్రం, ఒకే వేల్పు ఉన్న ఇద్దరు బావమరుదుల్లో ఒకడు గిరిజనుడు, ఇంకొకడు ఆక్రమణదారు. స్థానిక కోయకు కూడా ఇక్కడ నిజమైన భయం ఉంది. మిగిలిన కాస్త అడవీ పంచుకోవాలి గదా. దాన్ని కొట్టిపారేయలేం. 2022 నవంబరులో చండ్రుగొండ మండలంలో మొక్కల పెంపకంపై తగాదాలో ఒక అటవీ రేంజి అధికారి హత్యకు గురయ్యాడు. ఆ నేరానికి 2023లో ఇద్దరికి యావజ్జీవ శిక్ష పడింది. శిక్ష ఇద్దరికే, కాని హత్య జరిగిన కొద్ది రోజులకే గుత్తికోయలందరినీ పంపేయాలని అక్కడి పంచాయతీ తీర్మానం చేసింది.

వీళ్లను ఏమనాలి? కాందిశీకులా, ఆక్రమణదారులా? 1933 తరువాత జర్మనీ నుంచి పాలస్తీనా చేరిన యూదుడు ఒడ్డున దిగేటప్పుడు కాందిశీకుడు. ఆ ఒడ్డున నిలబడి చూస్తున్న అరబ్బు రైతు కంటికి ఆక్రమణదారు. రెండు చూపులూ ఒకే రోజు, ఒకే రేవులో నిజం. అలాగని రెండు కథలూ ఒకటే అనుకోకూడదు. వచ్చినవాడి వెనుక అక్కడ ఒక సామ్రాజ్యం మాట ఇచ్చి నిలబడింది. గుత్తికోయ వెనుక ఎవరూ నిలబడలేదు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు ములుగు జిల్లా మిర్చితోటల్లో కూలికి వచ్చిన పన్నెండేళ్ల పిల్ల, బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి కాలినడకన బయల్దేరి, ఇల్లు చేరకుండానే దారిలో ప్రాణం విడిచింది. మన పచ్చళ్లలో ఎర్రదనం ఎవరి చేతుల మీదుగా వస్తుందో అప్పుడు కొన్నాళ్లు చెప్పుకున్నాం.

టీ తాగి నేను వెళ్లిన పని చెప్పనే లేదు. తాతగారి కాగితం మీద వేలిముద్ర వేసిన రైతు మనవడిని కలవడానికి వెళ్లాను. ఊరి బయట, కాలువ అవతల ఇల్లు. నన్ను గుర్తుపట్టి "రండి బావా, శానా ఏండ్లయింది" అని నులకమంచం వాల్చాడు. కాగితం తీసి ఇచ్చాను. చదవడం వచ్చు, నిదానంగా చదువుకున్నాడు. ధర దగ్గర ఆగి, "ఇందులో సగమే ఇచ్చిండని మా నాయన చెప్పెటోడు" అన్నాడు. మా ఇంట్లో మొత్తం ఇచ్చామనే చెప్పుకుంటాం. సాక్షులిద్దరూ ఎప్పుడో పోయారు.

పొలం ఎలా ఉందని అడిగాను. అప్పుల కింద మూడేళ్లు కౌలుకిచ్చాడట. కౌలుదారు డెల్టా వైపు మనిషే. మిర్చి వేశాడు. చేలో అటునుంచి వచ్చిన కూలీలు పాకలు వేసుకుంటున్నారు. కాగితం ఉంచుకోమన్నాను. వద్దన్నాడు. "మీ తాత పేరు కూడా ఉంది గదా బావా" అని మడత విరగకుండా మడిచి తిరిగి ఇచ్చాడు.